పాత మిలటరీ ఆఫీసర్ల టోపీ కొనాలంటే ముందు తిరగేయండి

టోపీ చేతికి రాగానే చూపు జరీ మీదికీ బ్యాడ్జీ మీదికీ పోతుంది. అమ్మేవాడికి కావలసిందీ అదే. బ్యాడ్జీ మార్చడం ఐదు నిమిషాల పని. ఏళ్ల తరబడి నెత్తి చెమట పట్టిన తోలుపట్టీని పుట్టించడం మాత్రం కష్టం. అందుకే లోపల చూడాలి.

తోలుపట్టీని వేలితో కాస్త ఎత్తండి. దాని వెనక సిరాతో రాసిన పేరో, సైజు ముద్రో దొరకవచ్చు. బ్రిటిష్ కొలతలో 7 అంటే సుమారు 57 సెంటీమీటర్లు, 7⅛ అంటే 58. తయారీదారు లేబుల్ కూడా చదవండి. ఆఫీసర్ల యూనిఫారాలు కుట్టే లండన్ సంస్థలు గీవ్స్, హాక్స్ కలిసింది 1974లో. కాబట్టి ఆ జంట పేరున్న టోపీని రెండో ప్రపంచయుద్ధం నాటిదంటే నమ్మనక్కర్లేదు.

తర్వాత బ్యాడ్జీ కింద గుడ్డ చూడండి. ఏళ్ల తరబడి అదే బ్యాడ్జీ ఉంటే దాని ఆకారంలోనే వెలవని ముదురు రంగు మిగులుతుంది. ఆకారం కుదరకపోయినా, అదనపు రంధ్రాలు కనిపించినా బ్యాడ్జీ తర్వాత వచ్చిందే. బ్రిటిష్ బ్యాడ్జీ మీది కిరీటం గుర్తునూ వదలకండి. 1901 నుంచి 1952 దాకా కిరీటం పైభాగం గుండ్రంగా, గోపురంలా ఉండేది. మధ్యలో లోపలికి వంగినది రెండో ఎలిజబెత్ కాలానిది. మన సైన్యం 1950 జనవరి 26న కిరీటాన్ని తీసేసి అశోక సింహాలను పెట్టుకుంది. అంటే 1940ల భారతీయ ఆఫీసరు టోపీ మీద వంగిన కిరీటం ఉందంటే అది అతుకే.

నోట్లు పరీక్షించే యూవీ లైటు కింద దారం తెల్లటి నీలంగా మెరిస్తే యుద్ధం తర్వాతి దారమై ఉండే అవకాశం ఎక్కువ. కానీ తెల్లదనం కోసం టినోపాల్ పెట్టిన పాత గుడ్డా అలాగే మెరుస్తుంది. దీన్నొక్కదాన్నే నమ్ముకుని తీర్పు చెప్పకండి.

వందేళ్లు దాటిన వస్తువుకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. అమ్మకం వ్యాపారానికి లైసెన్సు కావాలి. విదేశాలకు పంపడం కుదరదు. రసీదు తప్పక తీసుకోండి.

కొన్న తర్వాత అసలు శత్రువు మన విజయవాడ ఉక్క. తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది. తేమమీటరు కొని 45–55 మధ్య ఉంచే ప్రయత్నం చేయండి. రేకు పెట్టెలో వర్షాకాలపు గాలి బిగిస్తే అదీ చేటే. రంగు మారే సిలికా జెల్ పెట్టండి, రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టండి. వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో కోరా గుడ్డ కొని, గంజి పోయేదాకా ఉతికి, ఉండలా చుట్టి టోపీలో కూరండి. మేకుకు తగిలిస్తే అంచు సాగిపోతుంది.

జరీ నల్లబడిందని ఇత్తడికి పూసే బ్రాసో పాలిష్ పూయకండి. అది గీకే పదార్థం, పల్చటి బంగారు పూతను తీసుకుపోతుంది. మేకప్ బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. జీలుగు బెండుతో చేసిన హెల్మెట్ నీళ్లు తాగి ఉబ్బుతుంది, తడి గుడ్డ తగలనీయకండి. 19వ శతాబ్దపు ఫెల్టును (బొచ్చును అదిమి చేసిన గుడ్డను) ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. ఆ రోజుల్లో ఫెల్టు తయారీలో పాదరసం లవణాలు వాడేవారు.

ఉన్ని టోపీలో పురుగు పడితే పాలిథిన్ కవర్‌లో గాలి తీసి బిగించి, రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. తీశాక రోజంతా కవరు విప్పకండి. లేకపోతే గదిలోని తేమంతా చల్లటి గుడ్డ మీద నీళ్లై దిగుతుంది.