దవడ కీలును వేళ్లతో, ఎముకతో గుర్తుపట్టడం ఎలా

చెవి రంధ్రానికి వేలి వెడల్పంత ముందు, రెండు వైపులా చూపుడువేళ్లు ఆనించి నోరు మెల్లగా తెరవండి. వేలి కింద కదిలేది కింది దవడ ఎముక తల, కండైల్. నోరు మొదటి 20–25 మి.మీ. తెరుచుకునే వరకు అది దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. ఆపైన ముందుకు జారుతుంది, వేలి కింద పల్లం తగులుతుంది.

ఇక కింది దవడ ఎండు ఎముక. కాకతీయ మెడికల్ కాలేజీ డిసెక్షన్ హాల్లోనైనా, హాస్టల్ గదిలో బోన్ సెట్ ముందైనా పద్ధతి ఒకటే. ఒక్కో వైపు పైకి లేచిన రెండు కొమ్ముల్లో ముందున్న పలుచటిది కరోనాయిడ్, వెనకది కండైల్. ఈ రెండూ తారుమారైతే వైవా (నోటి పరీక్ష) అక్కడే తప్పుతుంది. కండైల్ అడ్డంగా 15–20 మి.మీ., ముందువెనకలకు 8–10 మి.మీ. ఉంటుంది. లోపలి కొన కాస్త వెనక్కి తిరిగి ఉంటుంది, కుడి ఎడమలు తేల్చడానికి అది మంచి గుర్తు. కండైల్ కింద సన్నబడిన చోటు దాని మెడ; దాని ముందువైపు గోటితో తడమండి: చిన్న గుంట దొరుకుతుంది. దవడను ముందుకు లాగే లాటరల్ టెరిగాయిడ్ కండరం పట్టుకునేది అక్కడే.

పుర్రెను బోర్లించండి. చెవి దగ్గరి టెంపోరల్ ఎముకలో కండైల్ కూర్చునే గుంట, దాని ముందు దిమ్మ. గుంట కప్పును లైటుకు ఎదురుగా పెడితే వెలుగు కనబడేంత పలుచన! సర్వపిండి నమిలే బరువు దానిమీద పడదు. రెండు ఎముకల నడుమ మెత్తలా ఉన్న డిస్క్ మీదుగా ఆ బరువును దిమ్మ వెనక వాలు మోస్తుంది. ఎండు ఎముకలో డిస్క్ ఉండదు కనుక కండైల్‌ను గుంటకు అదిమి పెట్టొద్దు, కొంచెం ఎడం ఉంచండి.

పెద్దగా ఆవులించినప్పుడు కండైల్ దిమ్మ దాటి ముందుకు పోతే నమిలే కండరాలు బిగుసుకుని వెనక్కి రానియ్యవు. నోరు మూతపడదు. ఇంట్లో గుంజకుండా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.