మాట మర్యాద – 5వ పాఠం: సెలవు తీసుకోవడం

కిందటి పాఠంలో ఒకరి ఇంటికి వెళ్ళగానే పలకరించే తీరు చూశాం గనుక, ఇప్పుడు ఆ ఇంటి నుంచి లేచి రావడం నేర్చుకుందాం. రెండింటిలో ఇదే కష్టమని నా అభిప్రాయం.

‘వెళ్తాను’, ‘పోతాను’ అని తెంచినట్టు అనకుండా ‘వెళ్ళొస్తాను’ అనాలన్నది అందరికీ తెలిసిన సంగతే. మళ్ళీ వస్తామన్న మాట ఆ క్రియలోనే ఉంది. ‘సెలవిప్పించండి’ అనడం తప్పు కాదు గానీ, ఈ రోజుల్లో కాస్త నాటకం మాటలా వినిపిస్తుంది.

గుంటూరు బ్రాడీపేటలో మీ నాన్నగారి స్నేహితుల ఇంటికి వెళ్ళారనుకుందాం. విజయవాడ తిరిగి చేరాలంటే ఇంకా సుమారు 35 కిలోమీటర్లు ప్రయాణించాలి. కాఫీ గ్లాసు కింద పెట్టిన మరుక్షణం లేస్తే కాఫీ కోసమే వచ్చినట్టుంటుంది కాబట్టి కాసేపు ఆగి, ‘ఇక బయలుదేరతానండీ బాబాయిగారూ, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి’ అనండి. ఆయన ‘అప్పుడేనా? భోంచేసి వెళ్ళవయ్యా’ అంటారు. ఆ మాట ఒక్కసారితో ఆగితే అది మర్యాద. ‘ఇంకోసారి తీరుబడిగా వస్తానండీ’ అంటే సరిపోతుంది. మీరు కాదంటున్నా పిన్నిగారు వంటింట్లోకి వెళ్ళి కంచం కడుగుతున్న చప్పుడు వినిపిస్తే మాత్రం అది నిజమైన పిలుపు. అప్పటికీ వద్దంటే వాళ్ళను చిన్నబుచ్చినట్టే గనుక, చేతులు కడుక్కుని కూర్చోండి. గోంగూర పచ్చడి ఎలాగూ ఉంటుంది.

సాగనంపేవారికీ ఒక నియమం ఉంది. బయలుదేరిన మనిషిని ‘ఎక్కడికి?’ అని అడిగితే పని చెడుతుందని పెద్దల పట్టింపు; అందుకే ‘దూరమా?’ అంటారు. ఆ నమ్మకం మీకు లేకపోయినా ‘దూరమా?’ అనే అడగండి. చెప్పడం ఇష్టం లేనివారికి ‘ఇక్కడికేనండీ’ అని తప్పుకునే వీలు అందులో ఉంది.

‘వెళ్ళొస్తాను’ అనకూడని చోటు చావు జరిగిన ఇల్లు. అక్కడ ఆ మాటకు అలాంటి పనికే మళ్ళీ వస్తామన్న అర్థం వస్తుంది కాబట్టి, ఎవరికీ చెప్పకుండానే లేచి రావడం ఆనవాయితీ. చిన్నప్పుడు నేను అలవాటు కొద్దీ ఆ మాట అనేశాను. ఇంటివారు వినిపించుకోనట్టే ఊరుకున్నారు గానీ, పక్కన కూర్చున్న మా మేనత్త నా మోచేతిని గట్టిగా గిల్లింది.

అభ్యాసం: ఈ వారం ఒక ఇంటికి వెళ్ళి, ‘వెళ్ళొస్తాను’ అన్నాక గేటు దగ్గర మరో అరగంట నిలబడకుండా తిరిగి రండి.