టైరు సైజు మార్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

కారు టైర్లు బిగించడమే నా పని కాబట్టి ఈ మాట రోజూ వింటాను: "అన్నా, కొంచెం వెడల్పువి వేసెయ్, బండికి లుక్ వస్తుంది." వేయడానికేం, అరగంట పని. వేశాక బండి ఎలా నడుస్తుందో ముందే తేల్చుకోవాలి. దానికి ఫోన్‌లో కాల్‌క్యులేటర్ చాలు.

టైరు పక్కన 185/65 ఆర్15 అని ఉందనుకోండి. 185 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 65 మాత్రం మిల్లీమీటర్లు కాదు, ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ (రిమ్ అంచు నుంచి రోడ్డు దాకా ఉండే టైరు పక్క గోడ) ఎత్తు అని. 15 అంటే అంగుళాల్లో రిమ్ సైజు. అందుకే వెడల్పు పెంచి 65ని అలాగే వదిలేస్తే టైరు ఎత్తు కూడా పెరిగిపోతుంది.

185లో 65 శాతం 120.25. పైనా కిందా కలిపితే 240.5. దానికి 15 అంగుళాల రిమ్, అంటే 381 కలపండి. టైరు మొత్తం ఎత్తు 621.5 మి.మీ. ఇదే లెక్క 205/65 ఆర్15కి వేస్తే 647.5 వస్తుంది. 26 మి.మీ. తేడా, నాలుగు శాతం పైమాటే.

స్పీడోమీటర్ లెక్కంతా చక్రం తిరిగే చుట్ల మీదే. టైరు పెద్దదైందని దానికి తెలియదు. ముల్లు అదే అంకె మీద ఉన్నా బండి మునుపటి కంటే నాలుగు శాతం ఎక్కువ వేగంతో పోతుంటుంది. మునుపు 1000 కిలోమీటర్లు చూపించిన దూరానికే ఓడోమీటర్ ఇప్పుడు 960 చూపిస్తుంది. "టైర్లు మార్చాక మైలేజ్ పడిపోయింది" అని వచ్చేవాళ్లకు ముందు ఈ లెక్కే చెప్తాను. నిజంగా తగ్గేది కూడా కొంత ఉంటుంది లెండి, వెడల్పు టైరు బరువెక్కువ, రాపిడీ ఎక్కువే. టైరు ఎత్తు పెరిగితే పికప్ కూడా మందగిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు ముందే దించాల్సి వస్తుంది. లాభం అంటారా, గ్రౌండ్ క్లియరెన్స్ 13 మి.మీ. పెరుగుతుంది, అంతే.

మొత్తం ఎత్తులో తేడా మూడు శాతం దాటొద్దని మా పనిలో అందరూ అనే మాట. నేనైతే రెండు దగ్గరే ఆగమంటాను. 195/65 ఆర్15 దాదాపు అక్కడే ఆగుతుంది.

పెద్ద అలాయ్ రిమ్ కావాలంటే 195/55 ఆర్16 చూడండి. మొత్తం ఎత్తు దాదాపు 621, స్పీడోమీటర్‌కు తేడానే తెలియదు. కానీ సైడ్‌వాల్ 120 నుంచి 107కి దిగుతుంది. స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది, నిజమే. గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచేది మాత్రం ఆ పోయిన 13 మి.మీ. రబ్బరే. ఇక రిమ్ వంగడం, టైరుకి బుడగ రావడం మామూలైపోతాయి. గుంతల రోడ్ల మీద తిరిగే బండికి ఇది దండగ అని నా అభిప్రాయం, అలాయ్ ఎంత మెరిసినా సరే.

సైజు పక్కనే 88హెచ్ లాంటి గుర్తు ఉంటుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 84 అయితే 500. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా. ఈ రెండూ కంపెనీ టైరు కంటే తగ్గకూడదు. రిమ్ వెడల్పు కూడా చూసుకోండి. 5 అంగుళాల రిమ్‌కి 205 ఎక్కిస్తే సైడ్‌వాల్ బయటికి ఉబ్బి, మలుపుల్లో బండి తూలుతుంది. నిలిచిన నీళ్ల మీద వెడల్పు టైరు త్వరగా తేలుతుందని కూడా గుర్తుంచుకోండి.

నాలుగూ కొనేయకుండా ముందు ఒకటి బిగించి చూడమనండి. జాకీ దించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు లోపలివైపు సస్పెన్షన్‌కి ఎంత సందు ఉందో చేత్తో తడిమి చూడాలి. అన్నీ వేయించాక వెనక సీటు నిండా మనుషుల్ని కూర్చోబెట్టి, స్పీడ్ బ్రేకర్ల మీదుగా ఒక రౌండ్ వేసి రండి. తర్వాత టార్చ్ వేసి చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ చూడండి. దుమ్ము పట్టిన లైనర్ మీద ఒకచోట నున్నగా, నల్లగా మెరుస్తుంటే టైరు అక్కడ రాసుకుంటోందన్నమాట. ఆ సైజు వద్దు.

స్టెప్నీ పాత సైజుదే ఉంటే మెల్లగా పంక్చర్ షాపు దాకా వెళ్లడానికే వాడండి. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండికి అయితే స్టెప్నీ కూడా కొత్త సైజులోనే తీసుకోండి, ఎత్తు తేడా ఉన్న చక్రంతో నడిపితే చక్రాలకు పవర్ పంచే డిఫరెన్షియల్ దెబ్బతింటుంది.