పాత జపాన్ టీపాట్‌ను గుర్తించి విలువ కట్టడం ఎలా?

బొమ్మలు చిత్రించిన జపాన్ టీపాట్ చేతికి రాగానే చాలామంది దాన్ని తిరగేసి అడుగున ఉన్న ముద్ర ఏమిటో చూస్తారు. ఆ పనిని చివరకు ఉంచుకోవడం మేలు. ముద్రను ఏ కాలంలోనైనా ఎవరైనా వేయగలరు గాని, మట్టినీ పూతనూ కుంచె పనినీ అనుకరించడం అంత తేలిక కాదు.

మొదట బల్లమీద మడతపెట్టిన తువ్వాలు పరచి, మూత తీసి పక్కన పెట్టి, పిడినీ కొమ్మునూ పట్టుకోకుండా రెండు చేతులతో పాత్రను ఎత్తాలి. పగటి వెలుతురు, చిన్న టార్చి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే చాలు.

తర్వాత ఒళ్లు చూడాలి. లోపల టార్చి వేసినప్పుడు వెలుతురు పలుచగా బయటికి కనిపిస్తే అది పింగాణీ కావచ్చు. కనిపించకపోతే మందపు పింగాణీ గాని మట్టిపాత్ర గాని అయి ఉంటుంది. అడుగు అంచున పూత లేని చోట మట్టి రంగు తెలుస్తుంది. మీగడ రంగు పూత, దానిమీద వలలా సన్నని నెర్రెలు, ఆపైన బంగారు పని ఉంటే అది సత్సుమా శైలి. 1592–98 మధ్య కొరియాపై జపాన్ జరిపిన దండయాత్రల సమయంలో అక్కడి నుంచి తీసుకొచ్చిన కుమ్మరులతో నేటి కగోషిమా ప్రాంతంలో ఈ పని మొదలైంది. అయితే మెయిజీ కాలం (1868–1912) నాటికి క్యోటో, ఒసాకాలలో కూడా విస్తారంగా చేశారు కాబట్టి, సత్సుమా అన్నంతనే కగోషిమాలో పుట్టిందని అనుకోరాదు. ఎరుపు, బంగారు రంగులు గాని, ఆకుపచ్చ, పసుపు, ఊదా, నీలం, ఎరుపు కలిసిన అయిదు రంగులు గాని నిండుగా ఉంటే ఇషికావా ప్రాంతపు కుతానీ శైలిని తలచుకోవాలి. పూత కింద నీలం, పైన ఎరుపు, బంగారం ఉన్నది ఇమారి శైలి. అరితా అనే ఊరి బట్టీల్లో కాల్చిన సరుకు ఇమారి రేవు నుంచి ఓడ ఎక్కేది కనుక ఆ పేరు వచ్చింది.

బొమ్మను భూతద్దంలో చూడటానికి ఎక్కువ సమయం ఇవ్వండి. అచ్చు వేసిన బొమ్మలో రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది, లేదా గీతలన్నీ ఒకే మందంలో సాగుతాయి. చేత్తో వేసిన గీత కుంచె ఆనినచోట లావై, లేచినచోట సన్నబడుతుంది. మంచి సత్సుమా పనిలో బియ్యపు గింజంత ముఖంలో కూడా కనుబొమలు, జుట్టు విడివిడిగా తెలుస్తాయి. బంగారం అరిగిన చోట్లు కూడా చూడాలి: పిడి పైభాగం, మూత గుబ్బ వంటి వేళ్లు తగిలే చోట్ల అరుగుదల ఎక్కువ ఉండటం సహజం, అంతటా ఒకే తీరుగా అరిగి ఉంటే అనుమానించాలి. హైదరాబాదులో ఉన్నవారు సాలార్‌జంగ్ మ్యూజియంలోని జపాన్ వస్తువులను ముందుగా తీరిగ్గా చూసి వస్తే కంటికి అలవాటు కలుగుతుంది.

మూత మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి, ఎందుకంటే అన్నిటికంటే ముందు పగిలేది అదే, మరో పాత్ర నుంచి తెచ్చి పెట్టేదీ అదే. మూతనూ ఒంటినీ పక్కపక్కన ఉంచి మీగడ రంగు ఒకటేనా, నెర్రెల పరిమాణం సరిపోతోందా, పూత లేని అంచులో అదే మట్టి ఉందా అని పోల్చండి. పాత్ర మీద నెర్రెలు నువ్వుగింజంతవి, మూత మీద శనగగింజంతవి అయితే, మూత ఎంత చక్కగా కూర్చున్నా జత కాకపోయే అవకాశమే ఎక్కువ.

దెబ్బల కోసం కొమ్ము కొన, పిడి అతుకు తడిమి చూడాలి. పాత్రను అరచేతిలో ఉంచి గోటితో మెల్లగా తట్టినప్పుడు పింగాణీ ఖంగుమనక బొంగురుగా పలికితే, ఎక్కడో వెంట్రుకవాసి బీట ఉందేమో వెతకాలి. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే కొత్తగా రంగు పూసిన మరమ్మతు తరచు వేరుగా మెరుస్తుంది.

ఇప్పుడు ముద్ర. దిగుమతి వస్తువులపై తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలన్న 1890 నాటి అమెరికా చట్టం వల్ల 1891 నుంచి ‘నిప్పాన్’ (జపానీ భాషలో జపాన్ పేరు) అనీ, 1921 నుంచి ‘జపాన్’ అనీ వేశారు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1952లోపు మిత్రరాజ్యాల ఆక్రమణ కాలానిది. ఏ ముద్రా లేకపోతే 1891కి ముందుదని తేల్చరాదు. అమెరికాకు పంపని సరుకుకు ఆ నియమం లేదు. సత్సుమా ప్రాంతాన్ని ఏలిన షిమాజు వంశపు గుర్తు, అంటే వృత్తంలో శిలువ, ఎగుమతి సరుకు మీద అసంఖ్యాకంగా కనిపిస్తుంది కాబట్టి అదొక్కటే ప్రాచీనతకు రుజువు కాదు. ‘రాయల్ సత్సుమా’ అని ఇంగ్లీషులో ఉంటే ఇటీవలిదిగా భావించాలి.

విలువ కట్టేటప్పుడు అమ్మేవారు అడుగుతున్న ధరను పట్టించుకోకండి. వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలలో అదే శైలి, అదే పరిమాణం, అదే స్థితి ఉన్నవాటినే పోల్చాలి. యాబు మెయిజాన్, కింకోజాన్ వంటి కార్యశాలల సంతకం నిజమైనదైతే ధర ఎంతో మారుతుంది. ఆ పేర్లను అనుకరించినవారూ ఉన్నారు కనుక పనితనం సంతకానికి తగినట్టుందో లేదో చూడాలి. వ్యాపారి ఇచ్చే ధర, వేలంలో పలికే ధర, బీమాకు రాసే ధర వేర్వేరని గుర్తుంచుకుని, ఏ అవసరానికి విలువ కట్టిస్తున్నారో నిపుణుడికి ముందే చెప్పండి. పాత్రను భారతదేశం నుంచి బయటికి పంపేటట్లయితే, నూరేళ్లు దాటిన వస్తువులకు సంబంధించిన 1972 పురావస్తు చట్టం దీనికి వర్తిస్తుందేమో భారత పురావస్తు సర్వేక్షణ శాఖను అడగాలి. అలాంటి పాత్రలో టీ కాచుకోవద్దు. పైపూత రంగుల్లో సీసం ఉండవచ్చు.