ఎప్సిలాన్-డెల్టా నాకెలా పట్టుబడిందంటే

విజయనగరంలో బీఎస్సీ రెండో సెమిస్టర్. లిమిట్ విలువ చెప్పేసేవాణ్ణి. ఎప్సిలాన్-డెల్టాతో, అంటే ఫంక్షన్ విలువకీ లిమిట్‌కీ తేడా ఎప్సిలాన్ కన్నా తగ్గాలంటే ఎక్స్ ఎంత దగ్గరగా (డెల్టా లోపు) ఉండాలో చూపించి, నిరూపించమంటే పెన్ను కదిలేది కాదు. గైడు బట్టీ, వీడియోలు, ట్యూషన్... అన్నీ అయ్యాయి.

ఓ రోజు పలాస ప్యాసింజర్‌లో, నోట్‌బుక్ అట్ట మీద లెక్కను వెనక నుంచి మొదలెట్టాను. ఎక్స్ 3కి చేరుతుంటే ఎక్స్ స్క్వేర్ లిమిట్ 9. ఎక్స్ స్క్వేర్‌కీ 9కీ తేడాను విడగొడితే (ఎక్స్ మైనస్ 3) ఇంటూ (ఎక్స్ ప్లస్ 3). మొదటిది డెల్టా లోపే ఉంటుంది కాబట్టి మన చేతిలోదే, పేచీ అంతా రెండోదానితోనే. అందుకని డెల్టా 1 దాటకూడదని ముందే కట్టేశాను. అప్పుడు ఎక్స్ 2కీ 4కీ మధ్యే ఉంటుంది, ఎక్స్ ప్లస్ 3 ఏడు దాటదు. ఇక 1, ఎప్సిలాన్ బై 7లలో చిన్నదే డెల్టా. ఇదంతా చిత్తుపనే, ఆన్సర్ షీట్‌లో డెల్టాతో మొదలెట్టి తిరగరాయాలి.

పాలినామియల్స్‌కి నాకు బాగానే నడిచింది. 1 బై ఎక్స్ లాంటివాటికి సున్నా తగలకుండా ఆ 1ని ఇంకా తగ్గించాల్సి రావచ్చు.