తుఫాను హెచ్చరిక రాకముందే మూగజీవాల కోసం ఊరి ప్లాన్ ఎలా వేసుకోవాలి?

అక్టోబరు వచ్చిందంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర గ్రామాల్లో అందరి చూపూ బంగాళాఖాతం వైపే. మన చెరువులు నింపేదీ ఈశాన్య రుతుపవనాల వానే, ఊళ్లు ముంచేదీ అదే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలితే పెన్నా ఒడ్డు ఊళ్లు నీట మునిగాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. ఇన్ని దెబ్బలు తిన్నాక మనుషుల్ని తరలించడం యంత్రాంగానికి బాగానే అలవాటైంది. మైకు తిరుగుతుంది, బస్సు వస్తుంది, తుఫాను షెల్టర్‌లో పులిహోర పొట్లాలు అందుతాయి. గొడ్ల సంగతి అడిగితే మాత్రం, "ముందు మీరు ఎక్కండి, తర్వాత చూద్దాం" అంటారు.

అక్కడే తరలింపు ఆగిపోతుంది. "నువ్వు పో నాయనా, ఈ బర్రెను ఇడిసిపెట్టి నేను యాడికి వచ్చేది?" అనే ముసలమ్మ ప్రతి పాలెంలోనూ ఉంటుంది. ఆమెది మొండితనం కాదు. పాల డబ్బులతో నెల గడిచే ఇల్లు అది. అమెరికాలోనూ ఇదే జరిగింది. 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు కుక్కల్ని, పిల్లుల్ని వదల్లేక చాలామంది ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ మరుసటి ఏడాదే స్థానిక తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటుండాలని అక్కడ చట్టం చేశారు. మనకు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఉంది, దాని కింద జిల్లా ప్రణాళికా ఉంటుంది. కానీ మీ పాలెం వెనక కాలువ మీది వంతెన ఎంత ఇరుకో జిల్లా కాగితంలో ఎవరూ రాయరు. అది పంచాయతీయే రాసుకోవాలి.

సర్పంచ్, కార్యదర్శి, వార్డు సభ్యులు, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడు కలిసి కూర్చుంటే పెద్ద పనేం కాదు. సెప్టెంబరులో మొదలుపెడితే వానలు ముదిరేలోపు గ్రామసభలో తీర్మానం చేసుకోవచ్చు.

1. ఇంటింటి లెక్క రాయండి

ఆవులు, బర్రెల లెక్క సగం సిద్ధంగానే ఉంటుంది. చెవికి వేసిన పసుపు ట్యాగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది, ఆ వివరాలు పశుసంవర్ధక సహాయకుడి దగ్గర దొరుకుతాయి. గొర్రెల మందలు, కోళ్లు, కుక్కలు, పిల్లులు మాత్రం ఎవరి లెక్కలోనూ సరిగ్గా ఉండవు. మంద ఈ వారం ఒక పొలంలో ఉంటే వచ్చే వారం ఇంకో ఊరి పొలంలో ఉంటుంది. కాబట్టి మంద ఎక్కడుందో రాసుకుంటే చాలదు, కాపరి ఫోన్ నంబరు, అతని ఇంట్లోవాళ్ల నంబరు రాయాలి.

ఊరు మొత్తానికి ఒక అంకె వేస్తే ఉపయోగం లేదు. ఇంటి వారీగా రాయండి. తోలుకెళ్లగల మనిషి ఆ ఇంట్లో ఉన్నాడా? చూలుతో ఉన్నది ఏది? ఈ మధ్యే ఈనింది ఏది? పొడిచే ఎద్దు, కరిచే కుక్క ఎక్కడున్నాయి? ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకు, మగవాళ్లు వలసపోయిన ఇళ్లకు పక్కింటి కుర్రాడిని ఇప్పుడే ఒప్పించి పేరు రాయండి. యానాది కాలనీలకు తప్పకుండా వెళ్లండి. చాలా ఊళ్లలో అవి కాలువ గట్ల మీదో పల్లంలోనో ఉంటాయి. ఎలుకలు పట్టడానికి వెంట వచ్చే కుక్క వాళ్ల పనిలో భాగం, దాన్ని వదిలి రమ్మంటే రారు.

2. మిట్ట ఎక్కడో, దారి ఏదో నడిచి చూడండి

మ్యాపు చూసి దారి ఖాయం చేయకండి. తీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువకు తూర్పున ఉన్న పాలేలకు వంతెనే గతి. ఒకప్పుడు గొడ్లు నడిచిన బాటల్లో ఇప్పుడు చాలాచోట్ల రొయ్యల గుంటలు, వాటి చుట్టూ కంచెలు, ఏరేటర్లకు (గుంట నీళ్లకు గాలి అందించే యంత్రాలకు) లాగిన కరెంటు వైర్లు ఉన్నాయి. గుంటల యజమానులతో మాట్లాడి, హెచ్చరిక రాగానే ఏ గేటు తీయాలో, కరెంటు ఎవరు ఆపాలో రాయించుకోండి. ఆ రాత్రి వాళ్లను వెతుక్కుంటూ తిరిగే టైమ్ ఉండదు.

ఒక ఆదివారం సాయంత్రం పది బర్రెల్ని వంతెన దాటించి చూడండి. ముందు బర్రె జంకి ఆగితే వెనకవన్నీ ఆగిపోతాయి, పక్కకు తిరిగితే దారే మూసుకుపోతుంది. ఏ ఇంటి బర్రె జంకకుండా ముందు నడుస్తుందో అప్పుడు తెలుస్తుంది. దాని పేరు, దాన్ని తోలే మనిషి పేరు ప్లాన్‌లో రాయండి. నవ్వులాటగా ఉంటుంది కానీ, గాలీ వానలో మంద కదిలేది దాని వెనకే.

గొడ్లను పెట్టే చోటుకు బడి మైదానం, మార్కెట్ యార్డు, కల్యాణ మండపం ఆవరణ పనికొస్తాయి. పాత బందెలదొడ్డి (ఒకప్పుడు దారితప్పిన గొడ్లను కట్టేసిన చోటు) మిట్ట మీద ఉంటే దాన్ని బాగు చేయించండి. పెద్ద చెట్ల కింద, కరెంటు తీగల కింద, పాత ప్రహరీ గోడల పక్కన వద్దు. పెన్నా ఒడ్డు ఊళ్లలో చాలామందికి మొదట గుర్తొచ్చేది పొర్లుకట్ట, అంటే వరదను ఆపే నది గట్టు. ఎత్తుగా ఉంటుంది నిజమే, కానీ నది పోటెత్తినప్పుడు మొదట తెగే ప్రమాదమూ దానికే. 2021లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికే నీళ్లొచ్చి రైళ్లు ఆగాయి. పొర్లుకట్టను దారిగా వాడుకోండి, మకాంగా వద్దు.

బడి వాడుకుంటే ఖాళీ చేశాక పేడ ఎవరు ఎత్తాలి, బ్లీచింగ్ ఎవరు చల్లాలి అనేది కూడా రాయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. హెడ్‌మాస్టర్ రెండోసారి తాళం ఇవ్వడానికి వెనకాడేది దీనికే.

3. గొడ్లు ముందు, మనుషులు తర్వాత

మొత్తం ప్లాన్‌లో ఇదే ముఖ్యం. మనుషులకు బస్సు వచ్చే సమయానికి గొడ్లు అప్పటికే మిట్ట మీద ఉండాలి. అవి చేరాయని తెలిస్తే ముసలమ్మ తనంతట తనే బస్సు ఎక్కుతుంది.

వాతావరణ శాఖ తుఫాను అలర్ట్ సాధారణంగా 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు ఇస్తుంది. అలర్ట్ రాగానే కాపరులకు, ట్రాక్టర్లవాళ్లకు ఫోన్లు వెళ్లాలి. మరుసటి ఉదయం పాలు పితికాక పాడి గొడ్లు బయల్దేరాలి, మధ్యాహ్నానికి గొర్రెలు చేరాలి. చీకటి పడ్డాక ఏదీ కదలకూడదు, ఎదురుగాలి మొదలైతే బర్రె నడవదు. చూలు గొడ్లకు, లేగదూడలకు, ఈనిన మేకలకు ట్రాక్టర్ ట్రక్కు పెట్టండి, కింద వరిగడ్డి పరవండి. మిగతావి నడవగలవు. వార్నింగ్ వచ్చేసరికి ఊళ్లో మనుషులు, కోళ్లు, కుక్కలు, పిల్లులే మిగలాలి.

నది వరదకు ఇంత వ్యవధి ఉండదు. సోమశిల గేట్లు ఎత్తారన్న కబురు వచ్చాక చేతిలో ఉండేవి గంటలే. పెన్నా ఒడ్డు ఊళ్లు జలాశయం ఇన్‌ఫ్లో పెరుగుతోందన్నప్పుడే కదలాలి. నది మధ్య ఇసుక దిబ్బల మీద మందలు మేపే కాపరులకు మొదటి ఫోన్ వెళ్లాలి. ఆ ఫోన్ చేసే మనిషి ఎవరో తీర్మానంలో పేరుతో సహా ఉండాలి.

4. ముడి మార్చండి

వరదలో చాలా గొడ్లు చచ్చేది కట్టేసి ఉండటం వల్ల. బర్రె బాగా ఈదుతుంది, పలుపు దాన్ని ఈదనివ్వదు. నైలాన్ తాడు తడిస్తే ముడి బిగుసుకుపోతుంది, చలికి వణికే వేళ్లతో అది ఊడదు.

అందుకే వానాకాలం మొదలవగానే గుంజ దగ్గర జారుముడి వేయడం అలవాటు చేయండి. తాడును గుంజ చుట్టూ తిప్పాలి. కొసను పూర్తిగా దూర్చకుండా, మడత పెట్టి ఆ మడతను మాత్రమే ఉచ్చులోకి దూర్చి బిగించాలి. గొడ్డు లాగితే ముడి బిగుస్తుంది, మనిషి కొస పట్టి లాగితే ఒక్క ఊపుకు ఊడుతుంది. కొట్టం గుమ్మానికి ఒక కొడవలి వేలాడదీసి ఉంచండి. కుక్కను గొలుసుతో కట్టేసి ఎవరూ వెళ్లకూడదు.

తీర్మానంలో ఇంకో వాక్యం కూడా రాయండి: ఫలానా సమయానికి కదలని గొడ్ల పలుపులు విప్పే అధికారం ఫలానా ఇద్దరికి ఉంది. యజమాని ఊళ్లో లేకపోయినా వాళ్లు విప్పొచ్చు. విప్పాక మెడకు వేలాడే తాడు కోసేయాలి, లేకపోతే కంపకు చుట్టుకుంటుంది. దొడ్డి గేటు తెరిచి పెట్టాలి.

5. షెల్టర్‌లో కుక్కలకూ పిల్లులకూ చోటు

ఇవి మనుషులతోనే వెళ్తాయి. కానీ ఒకే హాల్లో వద్దు. కుక్క అంటే భయపడే పిల్లలు ఉంటారు, ఆయాసం ఉన్నవాళ్లు ఉంటారు. వరండాలో ఒక వైపు టార్పాలిన్ కట్టి కుక్కలకు, మెట్ల కింద గదిలాంటిది ఉంటే పిల్లులకు ఇవ్వండి. కుక్కకు మెడపట్టీ, తాడు, మూతికి కట్టడానికి గుడ్డ ముక్క చాలు. పిల్లిని మూత ఉన్న బుట్టలోనో, బియ్యం సంచిలో వేసి మూతి వదులుగా కట్టో తెస్తారు. సంచిలో ఎక్కువసేపు ఉంచకూడదు. కోళ్లకు గంపలు ఉండనే ఉన్నాయి. రేబిస్ టీకాలు సెప్టెంబరులోనే వేయించి, సర్టిఫికెట్ ఫొటో వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టించండి. షెల్టర్‌లో గొడవలు సగం తగ్గుతాయి.

6. మేత, నీళ్లు, టీకాలు

బర్రెకు రోజుకు 5, 6 కిలోల ఎండుగడ్డి, 40 లీటర్లకు తగ్గకుండా నీళ్లు కావాలి. 200 బర్రెలు మూడు రోజులుంటే మూడు నుంచి 3.6 టన్నుల దాకా గడ్డి, రోజుకు రెండు ట్యాంకర్ల నీళ్లు. గొర్రెకు రోజుకు 4, 5 లీటర్లు సరిపోతాయి. గడ్డి కట్టలు టార్పాలిన్ కింద మిట్ట మీదికి ముందే చేర్చండి, బూజు పట్టింది పెట్టకండి. పశు శిబిరాల మేతకు కేంద్రం 2022–26 కాలానికి ఇచ్చిన విపత్తు సహాయ నిబంధనల్లో పెద్ద పశువుకు రోజుకు రూ. 80, చిన్నదానికి రూ. 45 ఉంది. శిబిరం పెట్టేముందే తహసీల్దార్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి.

గొంతువాపు, జబ్బవాపు, గొర్రెలకు చిటుకు రోగం టీకాలు వానల ముందే పడాలి. తుఫాను రోజు వేసిన టీకా ఆ వారం కాపాడదు. పశు అంబులెన్సుకు 1962 నంబరు గోడ మీద రాయించండి.

7. తిరిగొచ్చాక

బురద పట్టిన గడ్డి మేపకండి, మడుగు నీళ్లు తాపకండి. చచ్చిన పశువును కాలువలో తోసేయడం మన దగ్గర ఇంకా ఉంది, ఆ నీళ్లే కింది ఊరు తాగుతుంది. పూడ్చే చోటు బావులకు దూరంగా ముందే గుర్తించండి, సున్నం నిల్వ ఉంచండి.

పూడ్చేముందు ఫొటో తీయండి, చెవి ట్యాగు కనపడాలి. పశువైద్యుడిని పిలిచి ధ్రువీకరణ రాయించుకోండి. మేత దగ్గర చెప్పిన కేంద్ర విపత్తు సహాయ నిబంధనల్లోనే పాడి బర్రెకు లేదా ఆవుకు రూ. 37,500, గొర్రెకు లేదా మేకకు రూ. 4,000 పరిహారం ఉంది. ఒక్కో కుటుంబానికి పెద్ద పాడి పశువులైతే మూడు, గొర్రెలూ మేకలైతే ముప్పై వరకే లెక్కలోకి తీసుకుంటారు. రాష్ట్రం జీవోతో ఈ మొత్తాన్ని పెంచిన సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి ఆ సమయానికి ఏ రేటు అమల్లో ఉందో సచివాలయంలో అడగండి. సెప్టెంబరులో రాసిన ఇంటింటి లెక్క నకలు దరఖాస్తుకు జత చేస్తే, నీ దగ్గర అసలు గొర్రెలున్నాయా అనే ప్రశ్న రాదు.