వీధి పిల్లుల్ని, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి పట్టేదెలా?

ఆసుపత్రిలో ఆపరేషన్ రోజు ఖాయమయ్యాకే బోను పెట్టండి. ముందురోజు నుంచి నీళ్లు తప్ప తిండి ఆపాలి. పై అంతస్తు ఆంటీ జాలిపడి పాలన్నం పెట్టిందా, ఆ రాత్రి బోను ఖాళీయే.

పిల్లి రోజూ తినే చోటే, తినే వేళకే బోను పెట్టండి. కాళ్లకు తీగలు తగిలితే వెనక్కి పోతుంది కాబట్టి అడుగున పేపరు పరవాలి. ఉడికించిన చేప ముక్కను కాలు పడగానే తలుపు పడేలా చేసే రేకుకు అవతల, చివరికంటా పెట్టండి. ఇవతల పెడితే తలుపు పడకుండానే తినేసి పోతుంది. దూరంగా కూర్చుని కనిపెట్టుకుని ఉండండి. తలుపు పడగానే దుప్పటి కప్పితే చీకటికి గింజుకోవడం తగ్గుతుంది. చేత్తో తీయబోకండి, కరుస్తుంది.

చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టే, వదిలేయండి. చనుమొనల చుట్టూ బొచ్చు లేకుండా పాలతో ఉబ్బి ఉంటే పిల్లలు దగ్గర్లోనే ఉంటాయి. అవి తిండి తినడం నేర్చాక తల్లిని పట్టండి.

ఆపరేషన్ తర్వాత మగదాన్ని ఒక రోజు, ఆడదాన్ని రెండు రోజులు ఉంచి, పట్టిన చోటే వదలండి.